కుక్క, పిల్లి, ఎలుక, చింపాంజీ తెలిస్తే పంతులైనట్టేనా? ఉపాధ్యాయ విద్య పెద్దలకు బహిరంగ లేఖ

ఉపాధ్యాయ శిక్షణ సిలబస్ ఖరారు చేసే అధికారులకు, టెట్, డీఎస్సీ ప్రశ్నపత్రాలు తయారు చేయించే పెద్దలకు, బీఎడ్, డీఎడ్ పుస్తకాలు రాసే నిపుణులకు నమస్కారం.

హనుమకొండ, కాజీపేట ప్రాంతంలో కాబోయే టీచర్లకు విద్యా మనస్తత్వశాస్త్రం చెప్పి రిటైరైన వాణ్ని. ఇంకా కొలువులో ఉన్న కొందరు టీచర్లు, శిక్షణ పూర్తిచేసి డీఎస్సీ కోసం ఎదురుచూస్తున్న కొందరు అభ్యర్థులు, నేను కలిసి ఈ విషయం మీద సంబంధిత కార్యాలయంలో వినతిపత్రం ఇచ్చాం. ఇన్‌వర్డ్ ముద్ర కొట్టి కాపీ చేతిలో పెట్టారు. మళ్లీ వెళ్లి అడిగితే ఫైలు పైకి పోయిందన్నారు. ఎంత పైకి పోయిందో చెప్పినవాళ్లు లేరు. అందుకే ఇప్పుడు అందరి ముందూ రాస్తున్నాను.

మా ఫిర్యాదు ఇది. మనుషులు, ముఖ్యంగా పిల్లలు, ఎలా నేర్చుకుంటారన్నది శాస్త్రం ఎలా తెలుసుకుంది? ఏ ప్రశ్నలతో మొదలుపెట్టింది, ఎక్కడ పొరబడింది, పొరబడ్డానని ఎలా గుర్తించింది? ఈ కథంతా మన టీచర్ల చదువులోంచి జారిపోయింది. పేర్లు, జంతువులు, సంవత్సరాలు మాత్రం మిగిలాయి. టెట్‌లో 150 మార్కులకు 30 మార్కులు శిశు వికాసానికీ పెడగాజీకీ, అంటే బోధనా పద్ధతులకీ, ఇచ్చారు. ఆ 30 మార్కుల కోసం నయీంనగర్‌లోనో కరీంనగర్‌లోనో గది అద్దెకు తీసుకుని ఉన్న అమ్మాయి రాత్రి పన్నెండింటికి బట్టీ పడుతున్నది ఏమిటో తెలుసా? పావ్‌లోవ్‌ది కుక్క, థార్న్‌డైక్‌ది పిల్లి, స్కిన్నర్‌ది ఎలుక, కోహ్లర్‌ది చింపాంజీ. ఆ చింపాంజీ పేరు సుల్తాన్. ఎబ్బింగ్‌హాస్ జర్మన్. ఆ అమ్మాయిని తప్పుపట్టను. బిట్టు ఎలా వస్తే చదువు అలా ఉంటుంది. బిట్టు తయారు చేసేది మీరు.

పోయింది ఏమిటో కొంచెం వివరంగా చెప్పనివ్వండి. అది చెప్పకపోతే మా డిమాండ్లు కొత్త ఫ్యాషన్‌లా కనిపిస్తాయి.

జ్ఞానం ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్న ప్రయోగశాలల కంటే చాలా పాతది. ప్లేటో రాసిన ఒక సంభాషణలో సోక్రటీసు ఏ చదువూ లేని బానిస కుర్రాణ్ని పిలిచి, ఒక చతురస్రానికి రెట్టింపు వైశాల్యం ఉన్న చతురస్రం గీయాలంటే భుజం ఎంత తీసుకోవాలని అడుగుతాడు. కుర్రాడు భుజాన్ని రెట్టింపు చేస్తానంటాడు. అది తప్పని ఆ కుర్రాడికే తెలిసేలా ప్రశ్న మీద ప్రశ్న వేసి, చివరికి కర్ణం (చతురస్రంలో ఒక మూల నుంచి ఎదురు మూలకు గీసిన గీత) దగ్గరికి తీసుకొస్తాడు. జ్ఞానం లోపలే ఉంది, నేర్పడమంటే గుర్తుచేయడమే అని ప్లేటో వాదన. 17వ శతాబ్దం చివర ఆంగ్ల తత్వవేత్త జాన్ లాక్ దీన్ని కొట్టిపారేశాడు. మనసు తెల్ల కాగితం, దాని మీద రాసేదంతా అనుభవమే అన్నాడు. మన దగ్గరా ఈ గొడవ తక్కువేం లేదు. నైయాయికులు, అంటే న్యాయ దర్శనం వాళ్లు, ప్రత్యక్షం (స్వయంగా చూసింది), అనుమానం (తర్కంతో ఊహించింది), ఉపమానం (పోలికతో తెలిసింది), శబ్దం (నమ్మదగినవాళ్ల మాట) అని జ్ఞానానికి నాలుగు ప్రమాణాలు, అంటే నాలుగు దారులు చెప్పారు. బౌద్ధ తార్కికుడు దిఙ్నాగుడు మొదటి రెండే చాలన్నాడు. భౌతికవాదులైన చార్వాకులు ప్రత్యక్షం దగ్గరే ఆగిపోయారు. దిఙ్నాగుడి కంటే ముందే మరో బౌద్ధ తత్వవేత్త నాగార్జునుడు, మీ ప్రమాణాలు సరైనవని మళ్లీ ఏ ప్రమాణంతో తేలుస్తారని అడిగాడు. ఆ ప్రశ్నకు తేలిగ్గా జవాబు చెప్పగలిగినవాళ్లు ఇప్పటికీ తక్కువే.

వీళ్లెవరూ కొలవలేదు. మనసు లోపలి వ్యవహారానికి గణితం వర్తించదు కాబట్టి మనస్తత్వశాస్త్రం అసలైన ప్రకృతి శాస్త్రం కాలేదని 1786లో జర్మన్ తత్వవేత్త కాంట్ రాశాడు కూడా. 1879లో లైప్‌జిగ్‌లో వుంట్ మనస్తత్వశాస్త్ర ప్రయోగశాల తెరిచాడు. అయినా జ్ఞాపకం లాంటి పెద్ద విషయాన్ని ప్రయోగంతో పట్టుకోగలమని అప్పట్లో చాలామంది అనుకోలేదు. 1885లో హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ పట్టుకుని చూపించాడు. ప్రయోగానికి మనుషులు దొరక్క కాబోలు, తననే పెట్టుకున్నాడు. అర్థం లేని అక్షరాల గుంపులు సుమారు 2,300 తయారు చేసుకుని, జాబితాలుగా కంఠస్థం చేసి, కొంతకాలం వదిలేసి, అదే జాబితాను మళ్లీ నేర్చుకున్నాడు. రెండోసారి ఎంత సమయం ఆదా అయిందో లెక్కగట్టాడు. 20 నిమిషాల ఎడం ఇస్తే 58 శాతం ఆదా. ఒక రోజు ఎడానికి సుమారు 34 శాతం. 31 రోజుల తర్వాత కూడా 21 శాతం.

నాకు ఇందులో అన్నిటికంటే నచ్చేది ఆ కొలిచే తీరు. ఒక్క ముక్క గుర్తులేదని మనిషి అంటుంటాడు. కానీ రెండోసారి తొందరగా వచ్చిందంటే లోపల ఏదో మిగిలే ఉందన్నమాట. ఎబ్బింగ్‌హాస్ తన నోటి మాటను పక్కనపెట్టి గడియారాన్ని అడిగాడు. కాంట్ కాదన్నచోటికి గణితం అలా వచ్చింది. మన గైడ్లలో ఇదంతా "విస్మృతి వక్రరేఖను ప్రతిపాదించినది ఎవరు?" అనే ఒక్క బిట్టు. విస్మృతి వక్రరేఖ అంటే కాలంతో పాటు మరుపు ఎలా సాగుతుందో చూపే గీత.

థార్న్‌డైక్, కోహ్లర్ల సంగతి ఇంకా అన్యాయం. 19వ శతాబ్దం చివర్లో జంతువుల తెలివి గురించి కథలు ఎక్కువగా ప్రచారంలో ఉండేవి. ఎవరి కుక్క తలుపు తీసిందో, ఎవరి పిల్లి గొళ్లెం ఎత్తిందో పెద్దమనుషులు ఉత్తరాలు రాస్తే అవి పుస్తకాలకు ఎక్కేవి. థార్న్‌డైక్ 1898లో ఆ కథలు వద్దని, ఆకలితో ఉన్న పిల్లులను పెట్టెల్లో పెట్టి, బయటపడటానికి ప్రతిసారీ ఎంత సేపు పట్టిందో రాసుకున్నాడు. సమయం మెల్లమెల్లగా, ఎగుడుదిగుడుగా తగ్గింది. పిల్లికి కిటుకు ఒక్కసారిగా అర్థమై ఉంటే ఆ సమయాల గ్రాఫులో గీత ఒక్కచోట దబ్బున పడిపోవాలి. అలా పడలేదు కాబట్టి పిల్లి ఆలోచించి తలుపు తీయలేదు, తడబడుతూ తడబడుతూ పనికొచ్చిన కదలిక మిగిలింది అని తేల్చాడు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో టెనెరిఫ్ దీవిలో చింపాంజీలతో పనిచేసిన కోహ్లర్‌కు ఇది నచ్చలేదు. పెట్టె లోపల ఏది లాగితే ఏది తెరుచుకుంటుందో పిల్లికి కనిపించే వీలే లేదు, కనిపించనిదాన్ని అర్థం చేసుకోలేదంటే ఎలా అన్నది ఆయన అభ్యంతరం. ఆయన సమస్య మొత్తాన్ని జంతువు కళ్ల ముందు పెట్టాడు. అందనంత ఎత్తున పండు, దగ్గర్లో పెట్టెలు, కర్రలు. అప్పుడు వేరే రకం ప్రవర్తన, కిటుకు ఒక్కసారిగా తట్టినట్టుండే ప్రవర్తన, బయటపడింది.

అంటే ఇది ప్రయోగాన్ని ఎలా కడితే ఏ ఫలితం వస్తుందన్న వాదన. నేర్చుకోవడాన్ని చూస్తున్నామా, మనం కట్టిన పెట్టెను చూస్తున్నామా అన్న వాదన. ఇది తెలిసిన టీచర్ ఏడో తరగతి పిల్లవాడు లెక్క తప్పు చేసినప్పుడు రెండు ప్రశ్నలు వేసుకుంటాడు. వాడికి రాలేదా? దారి కనిపించకుండా నేనే లెక్కను మూసేసి ఇచ్చానా? మన పుస్తకాల్లో ఈ ఇద్దరూ పక్కపక్క పేజీల్లో, యత్నదోష అభ్యసనం అనీ అంతర్దృష్టి అభ్యసనం అనీ, ఒకరికొకరు తెలియనివాళ్లలా కూర్చుని ఉంటారు.

ఇక దీనివల్ల నష్టం ఎవరికో వరుసగా చెప్తాను.

1. దెబ్బలు తినే పిల్లలకు, ఇంపోజిషన్లు రాసే పిల్లలకు. థార్న్‌డైక్ మూడు నియమాలు బీఎడ్ చదివిన ఎవరైనా నిద్రలో లేపినా చెప్తారు: సంసిద్ధత, అభ్యాసం, ఫలితం. ఫలిత నియమం పాత రూపం ప్రకారం సుఖాన్నిచ్చిన పని బలపడుతుంది, బాధ కలిగించిన పని బలహీనపడుతుంది. బెత్తం పట్టుకున్న ప్రతి పంతులూ తెలిసో తెలియకో ఈ రెండో సగం మీదే బతుకుతాడు. అయితే 1930 తర్వాత థార్న్‌డైక్ తన సొంత ప్రయోగాలు చూసి ఆ రెండో సగాన్ని దాదాపు వదులుకున్నాడు. బహుమతి బలపరిచినంతగా శిక్ష బలహీనపరచడం లేదని రాశాడు. అభ్యాస నియమం కూడా నిలబడలేదు. కళ్లు మూసుకుని నాలుగు అంగుళాల గీత గీయమని మనుషులకు చెప్పి, గీత సరిగ్గా వచ్చిందో లేదో చెప్పకుండా వేలసార్లు గీయించాడు. ఎన్ని గీసినా మెరుగుపడలేదు. ఫలితం తెలియని పునరావృతం దండగ. ఇప్పుడు మన బడుల్లో పదిసార్లు రాసుకురమ్మని ఇచ్చి, తెచ్చినదాని మీద చూడకుండా టిక్కు పెట్టే హోంవర్కును తలుచుకోండి. విద్యాహక్కు చట్టం 2009 లోని 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్ని నిషేధించింది. చట్టానికి భయపడి బెత్తం దాచిన టీచర్‌కు, శిక్ష అనుకున్నంతగా పనిచేయదని సిద్ధాంతకర్తే స్వయంగా ఒప్పుకున్నాడని తెలిస్తే ఆ బెత్తం అవసరమే అనిపించదు. ఇంత ముఖ్యమైన దిద్దుబాటు గైడ్లో ఉండదు. ఎందుకంటే దాని మీద బిట్టు రాదు.

2. క్లాసులో నోరు విప్పని పిల్లలకు. 1930లో టోల్మన్, హాన్‌జిక్ ఎలుకలను మూడు గుంపులు చేసి చిక్కుదారుల్లో వదిలారు. ఒక గుంపుకు దారి చివర రోజూ తిండి. ఒక గుంపుకు ఎప్పుడూ లేదు. మూడో గుంపుకు పది రోజుల దాకా లేదు, 11వ రోజు పెట్టారు. ఆ మర్నాటికే మూడో గుంపు, రోజూ తిండి తిన్న గుంపుతో సమానంగా పరుగెత్తింది. పది రోజులూ అవి దారి నేర్చుకుంటూనే ఉన్నాయి, చూపించడానికే కారణం లేదు. నేర్చుకోవడం వేరు, నేర్చుకున్నది బయటికి చూపడం వేరు అన్న ఈ తేడా టీచర్‌కు ఎంత అవసరమో ఉట్నూరు, ఏటూరునాగారం వైపు ఆశ్రమ పాఠశాలల్లో ఒక వారం కూర్చుంటే తెలుస్తుంది. ఇంట్లో గోండి, కోయ, లంబాడీ మాట్లాడే పిల్లవాడు తెలుగు క్లాసులో మౌనంగా ఉంటే "డల్ స్టూడెంట్" అని రిజిస్టరులో కాకపోయినా మనసులో రాసేస్తారు. కేంబ్రిడ్జిలో బార్ట్‌లెట్ 1932లో చూపించింది కూడా ఇక్కడ పనికొస్తుంది. పరాయి సంస్కృతి కథను చదివి తిరిగి చెప్పమంటే మనుషులు దాన్ని తమ లోకంలోని వస్తువులతో, తమ లోకం తర్కంతో మార్చేసుకున్నారు. మన పాఠాన్ని గోండు పిల్లవాడు తన లోకంలోకి మార్చుకుని చెప్తే మనం తప్పు మార్కు వేస్తాం.

ఇది కొత్తగా కనిపెట్టాల్సిన సంగతి కాదని చెప్పడానికి ఒక మాట. 1940లో జోడేఘాట్‌లో కుమురం భీం నేలకొరిగాక, ఆదివాసీల పరిస్థితి చూడమని నిజాం సర్కారు పంపిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్, ఆ దశాబ్దంలోనే మార్లవాయిలో గోండు టీచర్లకు శిక్షణ కేంద్రం పెట్టించాడు. దేవనాగరి లిపిలో గోండి వాచకాలు తయారయ్యాయి. పిల్లవాడి ఇంటి భాష నుంచి మొదలుపెట్టాలన్న ఆలోచన మన ఉత్తర తెలంగాణ మన్యంలో ఎనభై ఏళ్ల కిందటే అమల్లోకి వచ్చింది. ఆదిలాబాద్ జిల్లా నుంచి వచ్చే శిక్షణార్థులు కూడా మార్లవాయి పేరు హైమన్‌డార్ఫ్ దంపతుల జ్ఞాపకంగానే విన్నారు, అక్కడ జరిగిన బడి ప్రయోగంగా వినలేదు.

3. మాయమాటలకు డబ్బులు పోసే తల్లిదండ్రులకు. మిడ్ బ్రెయిన్ యాక్టివేషన్ అని, వేలిముద్రలు చూసి పిల్లవాడు డాక్టర్ అవుతాడో ఇంజనీర్ అవుతాడో చెప్తామని, మీవాడు కుడి మెదడు పిల్లవాడని చెప్పి వేలకు వేలు తీసుకుంటున్నారు. కట్టేది ఎవరు? సింగరేణి కార్మికుడు, సిరిసిల్ల మగ్గం మీద కూర్చునే మనిషి, బీడీలు చుట్టే తల్లి. వాళ్లు ముందుగా సలహా అడిగేది ఊళ్లో సారునే. సారుకు తెలిసింది జంతువుల జాబితా.

మిడ్ బ్రెయిన్ వాళ్లు పెట్టే, కళ్లకు గంతలు కట్టుకుని పిల్లలు పుస్తకం చదివే ప్రదర్శనలు చూసినప్పుడల్లా నాకు హాన్స్ అనే గుర్రం గుర్తొస్తుంది. 20వ శతాబ్దం మొదట్లో బెర్లిన్‌లో అది డెక్కతో నేల తట్టి లెక్కలకు జవాబులు చెప్పేది. పండితులు కూడా నమ్మారు. 1907లో ఆస్కర్ ఫుంగ్‌స్ట్ ఒక చిన్న పని చేశాడు. జవాబు తెలియని మనిషితో లెక్క అడిగించాడు. గుర్రానికి జవాబు రాలేదు. అడిగేవాడి తల, ముఖం ఎక్కడ కాస్త కదులుతుందో చూసి అది తట్టడం ఆపేస్తోంది, అంతే. యజమాని మోసగాడు కూడా కాదు, నిజంగానే నమ్మాడు. ఈ ఒక్క కథ చెప్పి, ఇప్పుడు ఆ గంతల ప్రదర్శనను మీరెలా పరీక్షిస్తారని శిక్షణార్థిని అడగండి. ముక్కు పక్కనుంచి కనిపించే సందు సంగతి తనే చెప్తాడు.

ఇబ్బందికరమైన విషయం ఏమిటంటే, ఇలాంటి సరుకు కొంత మన పుస్తకాల్లోనే ఉంది. చూసి నేర్చుకునేవాళ్లు, విని నేర్చుకునేవాళ్లు, చేసి నేర్చుకునేవాళ్లు అని పిల్లలను విడదీసి ఎవరికి తగ్గట్టు వాళ్లకు చెప్పాలనే అభ్యసన శైలుల మాట ఇంకా బిట్లుగా తిరుగుతోంది. 2008లో పాష్లర్, ఆయన సహచరులు అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ జల్లెడ పట్టి, ఆ విభజన ప్రకారం బోధిస్తే ఎక్కువ నేర్చుకుంటారనడానికి తగిన ఆధారం లేదని తేల్చారు. అలాగే, కష్టమైన సబ్జెక్టు చదివితే మొత్తం బుర్ర పదునెక్కుతుందన్న నమ్మకాన్ని థార్న్‌డైక్, వుడ్‌వర్త్ 1901లోనే దెబ్బకొట్టారు. ఒకదాంట్లో వచ్చిన సాధన వేరేదానికి పాకేది చాలా తక్కువ, అదీ రెండింటిలో ఉమ్మడి అంశాలు ఉన్నంత మేరకే అని. బుర్ర పదునుపెడతామనే సెంటర్లు మాత్రం ప్రతి మండల కేంద్రంలోనూ వెలుస్తున్నాయి.

4. పరీక్షల టెన్షన్‌లో నలిగే ఇంటర్, పదో తరగతి పిల్లలకు. 2006లో రోడిగర్, కార్పికే చేసిన ఒక ప్రయోగంలో కొందరు ఒక పేరాను నాలుగు విడతలు చదివారు. కొందరు ఒక విడత చదివి, మూడు విడతలు చూడకుండా రాశారు. ఐదు నిమిషాలకు పరీక్ష పెడితే చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత పెడితే చూడకుండా రాసినవాళ్లకు 61 శాతం గుర్తుంది, నాలుగు విడతలూ చదివినవాళ్లకు 40. అందుకే రాత్రంతా తిరిగి తిరిగి చదివిన పిల్లవాడు తనకు అంతా వచ్చేసిందని నమ్మేది, వారానికి అది జారిపోయేది. వారం వారం టెస్టులు పెట్టే కాలేజీలు "మేం చేస్తున్నది అదే కదా" అనవచ్చు. కాదు. అక్కడ టెస్టు ర్యాంకు అతికించడానికి. ఇక్కడ చూడకుండా రాయడం నేర్చుకోవడానికి, మార్కు లేకుండా. రెండింటికీ తేడా చెప్పగలిగిన లెక్చరర్ ఉంటే ఆ హాస్టళ్లలో కొన్ని రాత్రులైనా పిల్లలు నిద్రపోతారు.

5. చివరికి టీచర్లకే. 2024 డీఎస్సీలో 11,062 పోస్టులు. వాటికోసం ఏళ్ల తరబడి చదివినవాళ్ల సంగతి మీకు తెలుసు. ఎబ్బింగ్‌హాస్ గురించి బట్టీ పట్టినదంతా ఎబ్బింగ్‌హాస్ చెప్పినట్టే మరిచిపోయి వాళ్లు క్లాసులోకి వెళ్తున్నారు.

ఇప్పుడు మీ వైపు నుంచి వచ్చే అభ్యంతరం. లక్షల మంది రాసే పరీక్ష, ఆబ్జెక్టివ్ తప్ప గత్యంతరం లేదు, లోతైన ప్రశ్నలు ఎలా అడుగుతాం అంటారు. వినతిపత్రం ఇచ్చిన రోజు ఒక అధికారి మర్యాదగానే ఈ మాట అన్నారు. నిజంగా ఇబ్బందే. కానీ ఆబ్జెక్టివ్‌లోనే అడగవచ్చు. ఒక నమూనా:

"ఒక అమ్మాయి జూన్ నుంచి ఆగస్టు దాకా క్లాసులో ఒక్క ప్రశ్నకూ జవాబు చెప్పలేదు. సెప్టెంబరులో ఆమె భాష మాట్లాడే టీచర్ వచ్చిన వారంలోనే పాత పాఠాల మీద ప్రశ్నలకు సరిగ్గా జవాబులు చెప్పింది. దీన్నుంచి సరిగా చెప్పగలిగినది ఏది? (ఎ) ఆమె ఆ వారంలోనే అన్ని పాఠాలూ నేర్చుకుంది (బి) ముందే నేర్చుకుంది, చూపించే పరిస్థితి ఇప్పుడు వచ్చింది (సి) కొత్త టీచర్ బహుమతి ఇచ్చాడు (డి) ఆమె విని నేర్చుకునే రకం."

టోల్మన్ పేరు తెలియకపోయినా దీనికి జవాబు చెప్పవచ్చు. పేరు మాత్రమే తెలిసినవాళ్లు తడబడవచ్చు. అలా ఉండటమే కదా మనకు కావాల్సింది.

మా డిమాండ్లు ఇవి.

1. టెట్, డీఎస్సీ పెడగాజీ ప్రశ్నల్లో "ఎవరు, ఎప్పుడు, ఏ జంతువు" రకం బిట్లు తీసేయండి. కనీసం సగం ప్రశ్నలు ఒక ప్రయోగాన్నో, గ్రాఫునో, క్లాసు సంఘటననో ఇచ్చి దాన్నుంచి ఏం తేల్చవచ్చో, ఏం తేల్చకూడదో అడగాలి. మార్పు చేసే ముందు తెలుగులో నమూనా పేపరు విడుదల చేయండి. లేకపోతే లాభపడేది మళ్లీ కోచింగ్ సెంటర్లే.

2. బీఎడ్, డీఎడ్ పుస్తకాల్లో అభ్యసన సిద్ధాంతాలను వాదనలుగా తిరగరాయించండి. థార్న్‌డైక్ నియమాల పక్కన ఆయన సవరణ, కోహ్లర్ అభ్యంతరం, టోల్మన్ ఎలుకలు ఉండాలి. మనసును పక్కనపెట్టి ప్రవర్తననే చూద్దామని 1913లో వాట్సన్ ఎందుకన్నాడో, భాష నేర్చుకోవడాన్ని అలా వివరించలేమని 1959లో భాషాశాస్త్రవేత్త చోమ్‌స్కీ స్కిన్నర్ మీద ఎందుకు విరుచుకుపడ్డాడో ఉండాలి. భారతీయ జ్ఞానమీమాంసను (జ్ఞానం ఎలా వస్తుందన్న చర్చను) మొదటి పేజీలో దండ వేసి వదిలేసే అలంకారం మానండి. పెద్దపల్లి జిల్లా ధూళికట్టలో బౌద్ధ స్తూపం ఉంది. అక్కడికి విహారయాత్రకు వెళ్లొచ్చిన శిక్షణార్థికి బౌద్ధులు, నైయాయికులు దేని గురించి పోట్లాడుకున్నారో ఒక పాఠమైనా ఉండాలి. మనవాళ్లు అన్నీ ముందే కనిపెట్టేశారన్న పాఠం మాత్రం వద్దు. వాళ్లు అడిగిన ప్రశ్నలు గొప్పవి, కొలిచింది మాత్రం తర్వాతివాళ్లు. కలకత్తా విశ్వవిద్యాలయంలో 1916లో ప్రయోగాత్మక మనస్తత్వశాస్త్ర విభాగం మొదలైందన్న సంగతి కూడా మన పిల్లలకు తెలియాలి.

3. ప్రతి శిక్షణ కళాశాలలో ఒక్క ప్రయోగమైనా నిజంగా చేయించండి. ఎబ్బింగ్‌హాస్ ప్రయోగానికి ఒక నోటుబుక్కు, ఫోనులోని స్టాప్‌వాచ్ చాలు. తెలుగులో అర్థం లేని అక్షరాల గుంపులు ఎవరైనా తయారు చేసుకోవచ్చు. 2015లో ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు ఇదే ప్రయోగాన్ని మళ్లీ చేసి దాదాపు అలాంటి గీతే సాధించారు. హనుమకొండలో చేస్తే ఎలా వస్తుందో చూద్దాం. డబ్బులిచ్చి రాయించుకున్న రికార్డులకు మార్కులు వేయడం ఆపండి. ఎవరు రాసిపెడతారో అందరికీ తెలుసు.

4. మిడ్ బ్రెయిన్, వేలిముద్రల పరీక్షల వాళ్లను సర్కారు, ప్రైవేటు బడుల గేటు లోపలికి రానివ్వకూడదని సర్క్యులర్ ఇవ్వండి. ఆధారం లేని అభ్యసన శైలుల పాఠాన్ని పుస్తకాల్లోంచి తీసేయండి, లేదా దాన్ని ఎలా పరీక్షించి తోసిపుచ్చారో చెప్పే పాఠంగా మార్చండి.

5. ఏజెన్సీ మండలాల్లో పనిచేయబోయే వాళ్లకు టీచింగ్ ప్రాక్టీస్ అక్కడే, గోండి, కోయ, లంబాడీ తెలిసిన టీచర్ల పక్కన పెట్టండి. పట్నంలో లెసన్ ప్లాన్ రాసి, పట్నంలో క్లాసు చెప్పి, పోస్టింగ్ మాత్రం ఏజెన్సీలోని నార్నూరులో తీసుకుంటే ఇబ్బంది పడేది పిల్లలు.

6. ఈ మార్పులు చూడటానికి వేసే కమిటీలో ప్రొఫెసర్లతో పాటు ప్రాథమిక బడుల టీచర్లు, ఇటీవల టెట్ రాసిన అభ్యర్థులు కూడా ఉండాలి. కమిటీ వేయడం కుదరదంటే ఎందుకు కుదరదో రాతపూర్వకంగా చెప్పండి. మేమిచ్చిన వినతిపత్రం ఇన్‌వర్డ్ నంబర్‌తో సహా మా దగ్గర ఉంది. వచ్చే టెట్ నోటిఫికేషన్ లోపు జవాబు రాకపోతే ఉమ్మడి వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్, నిజామాబాద్ జిల్లాల శిక్షణార్థులతో, టీచర్లతో సంతకాలు సేకరించి, సమాచార హక్కు చట్టం కింద ఆ ఫైలు ఎక్కడుందో అడుగుతాం.

ఇట్లు,
హనుమకొండ నుంచి ఒక విశ్రాంత మనస్తత్వశాస్త్ర అధ్యాపకుడు,
తోటి టీచర్లు, డీఎస్సీ అభ్యర్థుల తరఫున